గాలిగొట్టం మారిస్తే బండి బలం పెరుగుతుందా?

కొత్త ఎయిర్ ఇంటేక్ బిగించుకున్న కుర్రాడు మొదటిరోజు అనే మాట ఒకటే: "అన్నా, బండి మారిపోయింది. ఒక్కసారి నువ్వు నడిపి చూడు." నడిపితే నిజంగానే మారినట్టు ఉంటుంది. కాలు నొక్కగానే బానెట్ కింద నుంచి బొంగురు గొంతుతో గర్జన లేస్తుంది. సూది పైకి ఎగబాకే కొద్దీ ఆ గొంతు పదునెక్కుతుంది. ఎవరో వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోసినట్టే ఉంటుంది. అందులో చెవికి అందింది ఎంత, చక్రానికి చేరింది ఎంత అన్నదే ఈ వ్యాసం పట్టించుకునే ప్రశ్న.

స్పోర్ట్స్ కారు కొన్న చాలామంది మొట్టమొదట చేయి పెట్టేది ఈ భాగం మీదే. ఎగ్జాస్టు మార్చాలంటే కారు కిందకి దూరాలి, సస్పెన్షన్ మార్చాలంటే షెడ్డుకు వెళ్లాలి. ఇంటేక్ మాత్రం బానెట్ ఎత్తగానే కళ్లెదుట ఉంటుంది. అమెరికాలో కిట్ ధర సాధారణంగా 200 నుంచి 500 డాలర్ల మధ్య. ఒక శనివారం ఉదయం ఇంటి గ్యారేజీలో పని అయిపోతుంది. డబ్బా మీద 'ఇన్ని హార్స్‌పవర్ అదనం' అని అచ్చువేసి ఉంటుంది. ఆ అంకెను నమ్మాలా వద్దా అన్నది డబ్బు చేతిలో ఉండగానే తేల్చుకోవాలి.

మాట గాలిలో తేలిపోకుండా ఒక కారును ఎదురుగా పెట్టుకుందాం. 2012లో వచ్చిన టొయోటా 86, దాని కవల సుబారు బీఆర్‌జడ్. అమెరికాలో మొదటి కొన్నేళ్లు ఇదే కారును సయాన్ ఎఫ్ఆర్-ఎస్ పేరుతో అమ్మారు. 1,998 సీసీల నాలుగు సిలిండర్ల బాక్సర్ ఇంజన్, టర్బో లేదు, కంప్రెషన్ 12.5:1, 7,000 ఆర్‌పీఎం దగ్గర 200 హార్స్‌పవర్. టర్బో లేని ఇంజన్ కాబట్టి గాలి మార్గంలో ఏ మార్పు చేసినా ఫలితం నేరుగా కనిపిస్తుంది. దాచేవాళ్లు, సర్దేవాళ్లు మధ్యలో ఉండరు.

ఇంజన్ తాగే గాలి

నాలుగు స్ట్రోకుల ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి తన సీసీలంత గాలి పీలుస్తుంది. రెండు లీటర్ల ఇంజన్ 7,000 ఆర్‌పీఎంలో తిరిగితే నిమిషానికి సుమారు 7,000 లీటర్లు, అంటే 7 ఘనపు మీటర్లు. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న గదిలోని గాలినంతా నాలుగే నాలుగు నిమిషాల్లో ఖాళీ చేస్తుంది. బరువు చూస్తే నిమిషానికి ఎనిమిది కిలోల పైచిలుకు. పెట్రోలు పూర్తిగా మండాలంటే దాని బరువుకు 14.7 రెట్ల గాలి కావాలి. పెట్రోలు ఎక్కువ పోయడం పంపుకు చిటికెలో పని. దొరకనిది గాలి. అందుకే ఎక్కువ గాలి అంటే ఎక్కువ బలం అనే సూత్రంలో తప్పేమీ లేదు.

తప్పంతా పరిమాణం దగ్గరే వస్తుంది. బయటి గాలి ఒత్తిడి సుమారు 100 కిలోపాస్కల్‌లు. ఫిల్టర్, డబ్బా, గొట్టాల మలుపులు దాటి థ్రాటిల్ చేరేసరికి అందులో కొంత పోతుంది. 2 కిలోపాస్కల్‌లు పోతున్నాయనుకుందాం. లోకంలోనే గొప్ప ఇంటేక్ తెచ్చి ఆ నష్టాన్ని సున్నా చేసినా అదనంగా దొరికే గాలి 2 శాతం. 200 హార్స్‌పవర్ మీద అది 4. అదీ పూర్తి థ్రాటిల్‌లో, ఆర్‌పీఎం మీటరు మీది ఎర్రగీత దగ్గర మాత్రమే. నష్టాన్ని పూర్తిగా తుడిచేసే గొట్టం ఎక్కడా లేదు కాబట్టి నిజంగా దక్కేది అంతకన్నా తక్కువే. కిట్ డబ్బా మీది అంకె చదివే ముందు ఈ లెక్క ఒకసారి మనసులో వేసుకోవాలి. పోగొట్టుకుంటున్న దానికన్నా ఎక్కువ ఎవరూ తిరిగి తెచ్చివ్వలేరు.

ముందు నుంచి గాలి దూసుకొచ్చి ఇంజన్‌లోకి నెట్టుకుపోతుందనే మాటను కూడా ఇదే త్రాసులో వేద్దాం. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి ఇచ్చే ఒత్తిడి అర కిలోపాస్కల్ కూడా ఉండదు. 200 దగ్గర రెండుకు కాస్త తక్కువ. రేసు ట్రాకు మీద దానికి విలువ ఉంది. ఊళ్లో సిగ్నల్ నుంచి సిగ్నల్‌కు నడిచే బండికి లేదు.

నమ్మకం ఎక్కడ పుట్టింది?

ఈ నమ్మకం గాలిలోంచి పుట్టలేదు, ఒకప్పుడు అది నిజం. కార్బురేటర్ల కాలంలో, ముఖ్యంగా 1970ల అమెరికా కార్లలో, ఎయిర్ క్లీనర్‌కు సన్నని ముక్కులాంటి గొట్టం ఉండేది. చలిలో ఇంజన్ సజావుగా నడవాలని, పొగ తగ్గాలని ఎగ్జాస్టు చుట్టూ వేడెక్కిన గాలిని అందులోకి మళ్లించేవారు. అలాంటి బండికి పెద్ద ఫిల్టర్ పెట్టి బయటి చల్లగాలి అందిస్తే తేడా స్పష్టంగా తెలిసేది. కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో పెరిగిన కె అండ్ ఎన్ కంపెనీ నూనె పట్టించిన నూలు ఫిల్టర్లకు ముందు పేరు తెచ్చింది మోటార్‌సైకిళ్లు, ఎడారి రేసుల దుమ్ములోనే.

1990లలో చిన్న జపాన్ కార్లను పదునుపెట్టే సరదా దక్షిణ కాలిఫోర్నియాలో ఊపందుకుంది. ఏఈఎం, ఇంజెన్ లాంటి కంపెనీలు బంపరు లోపలిదాకా దిగే మెరిసే అల్యూమినియం గొట్టాలు తెచ్చాయి. 2001లో వచ్చిన 'ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్' సినిమా ఆ సరదాను ప్రపంచమంతా తిప్పింది. ఈలోగా కార్లు మారిపోయాయి. ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. కంప్యూటర్ మీద గాలి ప్రవాహాన్ని ముందే లెక్కగట్టి గొట్టాలు గీసే పద్ధతి వచ్చింది. కంపెనీ ఇంజనీర్లు ఆ రెండు శాతం కోసం తామే కొట్లాడడం మొదలెట్టారు. నమ్మకం మాత్రం కార్బురేటర్ల నాటి దగ్గరే ఆగిపోయింది.

ఆ నల్ల ప్లాస్టిక్ డబ్బా చేసే పనులు

బానెట్ ఎత్తితే కనిపించే కంపెనీ ఎయిర్ బాక్స్ చూడ్డానికి ఏమీ బాగుండదు. అయినా దానికున్న పనులు చాలా. దుమ్ము ఆపాలి, నీళ్లు వేరుచేయాలి, ఇంజన్ వేడికి దూరంగా ఉండాలి, సెన్సర్ ముందు గాలిని నిలకడగా నడపాలి, చప్పుడును చట్టం గీసిన గీత కింద ఉంచాలి. పక్కన అతికించినట్టుండే ఖాళీ బుంగలు చాలామందికి 'అడ్డం'గా కనిపిస్తాయి. అవి గాలికి అడ్డమే కావు. 19వ శతాబ్దపు జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్స్ పేరుతో పిలిచే రెజొనేటర్లు అవి. సీసా మూతి మీద ఊదితే ఒకే స్వరం పలికినట్టు, ఒక్కో బుంగ ఒక్కో స్వరాన్ని మింగేస్తుంది. అది తీసేస్తే బలం రాదు, మింగిన స్వరం బయటికి వస్తుంది.

86 విషయంలో కంపెనీ ఇంకొక అడుగు ముందుకేసింది. బయటికి పోయే చప్పుడును తగ్గిస్తూనే, ఇంటేక్ నుంచి ఒక సన్నని గొట్టం ద్వారా ఇంజన్ శబ్దాన్ని క్యాబిన్‌లోకి పంపే సౌండ్ క్రియేటర్ అమర్చింది. కొన్నవాడికి ఆ గొంతు ఎంత ముఖ్యమో కంపెనీకి తెలుసు. ఇక గాలి తీసుకునే నోరు ముందు గ్రిల్ వెనక, రేడియేటర్ పైభాగాన ఉంటుంది. అంటే ఈ కారు ఫ్యాక్టరీ నుంచే 'కోల్డ్ ఎయిర్ ఇంటేక్'తో వచ్చింది. కొత్తది కొనేవాడు ఉన్నదాన్నే మళ్లీ కొంటున్నాడేమో చూసుకోవాలి.

చల్లగాలి, వేడిగాలి

మార్కెట్లో దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది, పాత డబ్బాలోనే కొత్త ఫిల్టర్ పలక. రెండోది షార్ట్ రామ్: డబ్బా తీసేసి పొట్టి గొట్టం చివర శంఖంలాంటి ఫిల్టర్, బానెట్ కిందే. మూడోది కోల్డ్ ఎయిర్: పొడవాటి గొట్టంతో బంపరు లోపలికో, మూత ఉన్న పెట్టెలోకో ఫిల్టర్‌ను చేర్చేది.

గాలి 10 డిగ్రీలు వేడెక్కితే సాంద్రత సుమారు 3 శాతం తగ్గుతుంది. ఒత్తిడి నష్టాన్నంతా తుడిచేసి 2 శాతం సంపాదించి, ఫిల్టర్‌ను ఇంజన్ పక్కన వేడిలో పెట్టి 3 శాతం పోగొట్టుకుంటే మిగిలేది నష్టమే. పైగా 12.5:1 లాంటి ఎక్కువ కంప్రెషన్‌లో వేడిగాలి, మిశ్రమం దానంతటదే పేలిపోయే నాకింగ్‌ను పిలుస్తుంది. నాకింగ్ వినబడగానే ఇంజన్ కంప్యూటర్ ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగుతుంది, బలం ఇంకాస్త పోతుంది. హైవే మీద గాలి ఆడుతుంటే షార్ట్ రామ్ కొంత సర్దుకుంటుంది. ట్రాఫిక్‌లో పది నిమిషాలు ఆగిందంటే బానెట్ కింది గాలి బయటికన్నా ఎంతో వేడెక్కి, పచ్చలైటు పడ్డాక మొదటి ఉరుకు మందగిస్తుంది. డాలస్ ఆగస్టు మధ్యాహ్నం అయినా, విజయవాడ మే నెల అయినా సూత్రం ఒకటే.

కోల్డ్ ఎయిర్ గొట్టానికి ఈ బాధ తక్కువ, మరో గండం ఉంది. ఫిల్టర్ కిందికి దిగిందంటే నీళ్లకు దగ్గరైనట్టే. వరద నీటిలో ఫిల్టర్ మునిగితే ఇంజన్ గాలి బదులు నీళ్లు పీలుస్తుంది. నీళ్లు అణగవు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఏఈఎం ఇందుకోసమే గొట్టం మధ్యలో పెట్టే బైపాస్ వాల్వు అమ్మింది. హ్యూస్టన్ వానలు, హైదరాబాద్ అండర్‌పాస్‌లు తెలిసినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

టర్బో కార్ల కథ కొంచెం వేరు. అక్కడ కంప్యూటర్ ఇంత బూస్టు (అదనపు గాలి ఒత్తిడి) కావాలని లక్ష్యం పెట్టుకుని దాన్ని అందుకునేదాకా టర్బోను తిప్పుతుంది. ఇంటేక్ ఇరుకైతే టర్బో కాస్త ఎక్కువ కష్టపడుతుంది, సడలితే సుఖపడుతుంది. ఫ్యాక్టరీ ట్యూన్‌లో, అంటే కంపెనీ కంప్యూటర్‌లో వేసిచ్చిన లెక్కల్లో, చేతికి దక్కేది అప్పుడూ కొంచెమే. బూస్టు పెంచి, ట్యూన్ మార్చి, గాలి అవసరమే ఎక్కువైన టర్బో బండికి పెద్ద ఇంటేక్ నిజంగా పనికొస్తుంది. ఇంటేక్‌కు అసలు గిరాకీ ఉండాల్సింది అక్కడ.

దూదిపింజంత సెన్సర్

ఈ మొత్తం వ్యవహారంలో అందరూ మరిచిపోయే భాగం మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్. ఫిల్టర్ దాటిన వెంటనే గొట్టంలోకి తొంగిచూసే చిన్న ప్లాస్టిక్ కర్ర, దాని చివర వేడి చేసిన సన్నని తీగ. గాలి ఎంత వేగంగా తగిలితే తీగ అంత చల్లబడుతుంది. తిరిగి వేడి చేయడానికి పట్టే కరెంటును బట్టి ఎంత గాలి వెళ్లిందో కంప్యూటర్ ఊహిస్తుంది. ఊహ అంటున్నది ఎందుకంటే సెన్సర్ చూసేది తన ముందున్న గాలి వేగాన్నే, గొట్టం వెడల్పు దానికి తెలియదు. ఆ వెడల్పును ఫ్యాక్టరీ ముందే కంప్యూటర్‌కు చెప్పి ఉంచింది.

ఇప్పుడు 70 మిల్లీమీటర్ల గొట్టం తీసేసి 76 పెట్టామనుకోండి. చూపుకు ఆరు మిల్లీమీటర్ల తేడా. వైశాల్యంలో 18 శాతం. 100 పాళ్ల గాలి వెళ్తుంటే సెన్సర్ 85 పాళ్లే చెబుతుంది, కంప్యూటర్ దానికి తగ్గ పెట్రోలే పోస్తుంది. మామూలు నడకలో ఆక్సిజన్ సెన్సర్ తప్పు పట్టి సర్దుతుంది. ఆ సర్దుబాటునే ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. తేడా హద్దు దాటితే డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలుగుతుంది. స్కానర్ పెడితే పీ0171 అనే కోడ్ వస్తుంది, మిశ్రమం పలచబడిందని దాని అర్థం. పూర్తి థ్రాటిల్‌లో పలచటి మిశ్రమం నడిస్తే పిస్టన్లకు ప్రమాదం. కొన్ని కిట్‌లు కొంచెం పలచన చేసి, బలం కొలిచే డైనో యంత్రం మీద నాలుగు గుర్రాలు ఎక్కువ చూపిస్తాయి. ఆ గుర్రాలు గొట్టంవి కావు, ఇంజన్ భద్రత కోసం దాచిన పెట్రోలులోంచి తీసినవి. అందుకే కిట్ కొనే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న: సెన్సర్ కూర్చునే చోట లోపలి వ్యాసం కంపెనీ దానితో సమానమేనా? మారితే దానికి తగ్గ ట్యూన్ ఎవరిస్తారు?

బిగించేటప్పుడు

పని చిన్నదే, తొందర పనికిరాదు. ఇంజన్ పూర్తిగా చల్లారాక మొదలుపెట్టాలి. సెన్సర్ ప్లగ్గును వైరు పట్టి లాగకూడదు. ప్లాస్టిక్ నాలుకను బొటనవేలితో నొక్కితే అదే వస్తుంది. థ్రాటిల్ దగ్గరి క్లాంప్ వదులుచేసి, డబ్బా బోల్టులు విప్పి, ఊపిరి గొట్టాలు ఏది ఎక్కడిదో ఫోన్‌లో ఫొటో తీసుకుని అప్పుడు డబ్బా పైకి తీయాలి. డబ్బా బయటికి రాగానే తెరుచుకున్న థ్రాటిల్ నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కాలి. ఆ నోట్లో చిన్న నట్టు జారిపడితే ఇంటేక్ ఖర్చు ఇంజన్ ఖర్చవుతుంది.

సెన్సర్‌ను పాత గొట్టం నుంచి తీసేటప్పుడు తీగను వేలితో తాకకూడదు, నోటితో ఊదకూడదు. రబ్బరు ఓ-రింగు దానితోపాటు వచ్చిందా చూసుకోవాలి. సెన్సర్ మీద బాణం గుర్తు గాలి వెళ్లే దిక్కుకే ఉండాలి. కొత్త గొట్టాన్ని మొదట క్లాంపులు బిగించకుండానే కూర్చోబెట్టాలి. ఇంజన్ నడిచేటప్పుడు ఊగుతుంది, బాడీ ఊగదు. గొట్టం దేనికైనా ఆనుకుంటే ఆ చోటే రాసుకుని చిల్లుపడుతుంది. అందుకే చుట్టూ వేలు దూరేంత ఖాళీ ఉందో లేదో తడిమి చూడాలి. ఆ తర్వాతే క్లాంపులు. సిలికాన్ జాయింటు కోసుకుపోయేంత బిగించవద్దు. చివర్లో బానెట్ మెల్లగా దించి ఫిల్టర్‌కు తగలడం లేదని నిర్ధారించుకోవాలి.

స్టార్ట్ చేశాక చెవి పెట్టండి. 'స్‌స్‌స్' అని సన్నని ఈల వినిపిస్తే సెన్సర్ దాటాక ఎక్కడో గాలి దూరుతోంది. అది కొలతకు అందని గాలి, మళ్లీ పలచటి మిశ్రమమే. ఓ వంద కిలోమీటర్లు తిరిగాక క్లాంపులన్నీ ఇంకోసారి చూడాలి. స్కానర్‌లో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ 5 శాతం లోపల ఉంటే నిశ్చింత. 10 దాటితే పాత డబ్బా తిరిగి పెట్టి కారణం వెతకాలి. పాత డబ్బాను పారేయకూడదని వేరే చెప్పనవసరం లేదనుకుంటాను.

తూకం వేసే పద్ధతి

వీపుకు తగిలిన తోపును కొలతగా తీసుకోకూడదు. చప్పుడు పెరిగితే వేగం పెరిగినట్టే మెదడు లెక్కవేస్తుంది. కిట్ కంపెనీ ఇచ్చిన డైనో పటాన్ని కూడా జాగ్రత్తగా చదవాలి. డైనో కొలతను వాతావరణానికి తగ్గట్టు సవరించే ప్రమాణాలు ఒకటి కన్నా ఎక్కువ ఉన్నాయి. ఇప్పటి ఎస్ఏఈ జె1349 ప్రమాణం 25 డిగ్రీల వేడి, 99 కిలోపాస్కల్‌ల పొడిగాలిని ఆధారంగా తీసుకుంటుంది. పాత ప్రమాణం అంతకన్నా చల్లటి, బరువైన గాలిని తీసుకునేది, అంకె దాదాపు 4 శాతం ఎక్కువ చూపేది. అదే కారు, అదే రోజు, ఒక్క బోల్టు విప్పకుండా ప్రమాణం మారిస్తే చాలు, ఇంటేక్ పెట్టినంత లాభం పటం మీద కనిపిస్తుంది.

ఇంకో మూడు ఉచ్చులున్నాయి. పాత డబ్బాలో దుమ్ముపట్టిన ఫిల్టర్‌ను, కొత్త కిట్‌లోని కొత్త ఫిల్టర్‌తో పోల్చడం మొదటిది. బ్యాటరీ తీసి పెట్టినప్పుడు కంప్యూటర్ నేర్చుకున్న సర్దుబాట్లు చెరిగిపోయి, ఆ తేడాను గొట్టం ఖాతాలో వేయడం రెండోది. బానెట్ తెరిచి, పెద్ద ఫ్యాను ఎదురుగా పెట్టి డైనో తిప్పడం మూడోది. రోడ్డు మీద ఎవరూ బానెట్ తెరిచి నడపరు.

న్యాయమైన పరీక్షకు పాత-కొత్త-పాత పద్ధతి కావాలి. పాత డబ్బాలో కొత్త ఫిల్టర్ వేసి మూడు నాలుగు సార్లు తిప్పాలి. కొత్త ఇంటేక్‌తో మళ్లీ అన్నిసార్లు. ఆపైన పాతది తిరిగి బిగించి ఇంకోసారి. అదే యంత్రం, అదే రోజు, అదే గేరు, బానెట్ మూసి. మొదటి పాతకూ చివరి పాతకూ మధ్య ఎంత తేడా వస్తే అంత తేడాను కొత్తదాని లాభంలోంచి తీసేయాలి. ఒకే కారు వెంటవెంట తిప్పినా ఒకటి రెండు శాతం అటూ ఇటూ రావడం మామూలే. మనం వెతుకుతున్న లాభం కూడా అంతే కాబట్టి ఒక్కసారి తిప్పి ఇచ్చే తీర్పుకు విలువ లేదు.

డైనో లేకుండా ఇంటి దగ్గరే చేయగల పరీక్ష ఒకటుంది, అసలు దాన్నే కొనే ముందు చేయాలి. గాలి ఎక్కడ ఇరుక్కుంటుందో కొలిచి ఆ చోటే సరిచేయమని ఆస్ట్రేలియా ఆటోమొబైల్ రచయిత జూలియన్ ఎడ్గార్ ఏళ్ల తరబడి చెబుతూ వచ్చిన పద్ధతి ఇది. మీటరు ఎత్తు చెక్క మీద పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టాన్ని 'యు' ఆకారంలో కట్టి సగానికి రంగునీళ్లు పోయాలి. ఒక కొసను థ్రాటిల్‌కు ముందున్న గొట్టానికి కలిపి, రెండో కొసను గాలికి వదిలేయాలి. ట్రాకు మీద పూర్తి థ్రాటిల్‌లో ఎర్రగీత దాకా వెళ్లినప్పుడు పక్కసీట్లో కూర్చున్న మనిషి నీటి మట్టాల తేడా చూస్తాడు. తేడా 20 సెంటీమీటర్లు ఉంటే నష్టం 2 కిలోపాస్కల్‌లు. 10 ఉంటే ఒకటి. ఫిల్టర్‌కు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి కొలిస్తే దోషం ఫిల్టర్‌దా, ముందు నోటిదా, మలుపుదా తెలిసిపోతుంది. నీళ్లు పది సెంటీమీటర్లే కదిలితే, ఏ గొట్టమూ ఒక శాతానికి మించి ఇవ్వలేదని ఆ నీళ్లే చెప్పేశాయన్నమాట. దీంతోపాటు స్కానర్‌లో ఇంటేక్ ఎయిర్ టెంపరేచర్ గమనిస్తూ, బయటి ఉష్ణోగ్రతకన్నా ఎంత ఎక్కువ ఉందో రాసుకుంటే చిత్రం పూర్తవుతుంది.

స్టాప్‌వాచ్ పరీక్షకు అందేంత తేడా కాదు ఇది. 86 బరువు సుమారు 1,250 కిలోలు. పక్కన 70 కిలోల స్నేహితుడు కూర్చుంటేనే మోసే బరువు 5 శాతం పెరుగుతుంది. డిక్కీలో ఏడాదిగా తిరుగుతున్న సామాను దించేస్తే, ఇంటేక్ ఇచ్చేదానికి తగ్గని లాభం పైసా ఖర్చు లేకుండా వస్తుంది.

మైలేజీ, దుమ్ము

ఇంటేక్ మారిస్తే మైలేజీ పెరుగుతుందన్న మాట నిలవదు. మామూలుగా నడిపేటప్పుడు గాలిని అడ్డగించేది ఫిల్టర్ కాదు, సగం మూసి ఉన్న థ్రాటిల్. ఇంటేక్ సడలితే కాలు ఇంకాస్త పైకి తీస్తామంతే. అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లాబొరేటరీ 2009లో ఆధునిక కార్లలో ఫిల్టర్లను కావాలని మూసుకుపోయేలా చేసి పరీక్షించింది. ఇంధన వినియోగంలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు, త్వరణం మాత్రం దెబ్బతింది. బాగా మూసుకుపోయిన ఫిల్టర్ తీసి కొత్తది వేస్తే త్వరణం 6 నుంచి 11 శాతం మెరుగయింది. అంటే మురికి ఫిల్టర్ మార్చడమే అన్నిటికన్నా చవకైన, నమ్మకమైన ఇంటేక్ మెరుగుదల.

దుమ్ము సంగతి దానికన్నా ముఖ్యం. ఫిల్టర్లను ఐఎస్ఓ 5011 ప్రమాణం ప్రకారం పరీక్షిస్తారు. గాలికి ఎంత అడ్డం, ఎంత దుమ్ము ఆపింది, నిండేలోగా ఎంత పట్టింది అన్న మూడూ కొలుస్తారు. ఈ మూడూ ఒకదాన్నొకటి లాగుతాయి. 99 శాతం ఆపే ఫిల్టర్‌కూ 98 శాతం ఆపే ఫిల్టర్‌కూ తేడా ఒక్క శాతమే అనిపిస్తుంది. లోపలికి పోయే దుమ్ము వైపు నుంచి చూస్తే అది రెట్టింపు. నూనె పట్టించే ఫిల్టర్ కడిగాక నూనె ఎక్కువైతే ఆ తుంపర సెన్సర్ తీగ మీద పేరుకుంటుంది. కొలత తప్పుతుంది. పొలాల మధ్య మట్టిరోడ్డు, తవ్వి వదిలేసిన ఊరి రోడ్డు మీద తిరిగే బండికి మంచి కాగితపు ఫిల్టరే మేలు. మార్పు చేసినవాళ్లు ఇంజన్ ఆయిల్‌ను ల్యాబ్‌కు పంపి సిలికాన్ ఎంత ఉందో చూసుకోవచ్చు. అది పెరిగితే దుమ్ము లోపలికి పోతున్నట్టే.

చట్టం గీసిన గీత

కాలిఫోర్నియాలో ఇంటేక్‌కు గాలి కాలుష్య మండలి ఇచ్చే ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబరు ఉండాలి. అది లేని ఇంటేక్ కనిపిస్తే స్మాగ్ పరీక్షలో బండి తప్పుతుంది. బే ఏరియాలో ఉన్నవాళ్లు కొనే ముందు ఆ నంబరు తమ కారు మోడలుకు, తమ ఏడాదికి వర్తిస్తుందో లేదో చూసుకోవాలి. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, బయటి భాగం పెట్టారన్న ఒక్క కారణంతో అమెరికాలో వారంటీ మొత్తం రద్దు చేయలేరు. చెడిపోవడానికి ఆ భాగమే కారణమైతే మాత్రం ఆ మరమ్మతు ఖర్చు మనదే.

మన దేశంలో గీత ఇంకా గట్టిగా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ నిర్దేశించిన రూపాన్ని మార్చడాన్ని కట్టడి చేస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. అదే ఏడాది సవరణలో వచ్చిన 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ పడవచ్చు. బీమా కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్ రోజున గొంతుకు అడ్డం పడుతుంది. రోడ్డు మీద తిరిగే బండికి ఇక్కడ ఇంటేక్ మార్చమని నేను ఎవరికీ చెప్పలేను. ట్రాకు కోసమే ఉంచుకున్న బండి సంగతి వేరు.

తీర్పు

86 మొదటి తరం కారుకు 3,500 నుంచి 4,500 ఆర్‌పీఎంల మధ్య టార్కు కుంగిపోవడం ప్రసిద్ధమైన లోపం. దాన్ని పూడ్చాలని ఎందరో ఇంటేక్‌లు మార్చారు. అది ఇంటేక్‌తో పూడే గుంట కాదు. ఎగ్జాస్టు హెడర్, దానికి తగ్గ ట్యూన్ కలిసినప్పుడే అది కొంత చదునవుతుంది. కంపెనీ చివరికి ఏం చేసిందో చూడండి. 2022 మోడలు జీఆర్86లో ఇంజన్‌నే 2.4 లీటర్లకు పెంచింది. బలం 228 హార్స్‌పవర్ అయింది. మొదటి తరంలో 205 న్యూటన్ మీటర్ల గరిష్ఠ టార్కు 6,400 ఆర్‌పీఎం పైన దొరికేది. కొత్తదాంట్లో 250 న్యూటన్ మీటర్లు 3,700కే దొరుకుతున్నాయి. గొట్టంతో తీరే సమస్యే అయితే కంపెనీ కొత్త ఇంజన్ దాకా వెళ్లేది కాదు.

టర్బో లేని, ట్యూన్ మార్చని స్పోర్ట్స్ కారుకు ఇంటేక్ ముఖ్యంగా శబ్దం కోసం కొనే వస్తువు. శబ్దం కోసం కొనడం తప్పు కాదు. ఇష్టపడి కొన్న కారు గొంతు వినాలనుకోవడం సరైన కోరికే. ఆ మాట మనసులో స్పష్టంగా ఉండి, సెన్సర్ కొలత తప్పని కిట్ ఎంచుకుని, మూత ఉన్న పెట్టెలో ఫిల్టర్ పెట్టి, చట్టం ఒప్పుకునే చోట బిగించుకుంటే సంతోషంగా ఉండొచ్చు. వేగం కోసమైతే ఆ డబ్బుకు మంచి టైర్లు, మంచి బ్రేక్ ప్యాడ్‌లు, ఒకరోజు ట్రాకు శిక్షణ ఎన్నో రెట్లు ఎక్కువ ఇస్తాయి.

కొనే ముందు రెండు పనులు చేయండి. ఫిల్టర్ తీసి వెలుతురుకు పట్టి చూడండి, మురికిగా ఉంటే మార్చండి. తర్వాత ఆ రంగునీళ్ల గొట్టం కట్టి కొలవండి. నీళ్లు కదిలినంతే మీకు దక్కేది.